విల్ ఒక్కటే చాలదు

రేపటి సంగతి చెప్పాలన్నా, రోజూ చేసే పని చెప్పాలన్నా తెలుగువాడి నోటికి ‘విల్’ వచ్చేస్తుంది. పరీక్షలో అర మార్కు పోగొట్టే ఈ పొరపాటు ఇంటర్వ్యూ గదిలో మరింత ఖరీదైనది. ఇక చట్టాల్లో భవిష్యత్తును చెప్పే ఒక్కో మాట చుట్టూ రాష్ట్రాల రాజకీయమే తిరిగింది.

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ స్పోకెన్ ఇంగ్లీష్ తరగతిలోనైనా పది నిమిషాలు కూర్చుంటే చాలు. మీ దినచర్య చెప్పండి అనగానే వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు లేచి నిలబడతారు. ‘డైలీ ఐ విల్ గెటప్ ఎట్ ఫైవ్. ఐ విల్ డ్రింక్ కాఫీ. దెన్ ఐ విల్ గో టు కాలేజ్.’ క్లాసులో ఎవరికీ తప్పు కనిపించదు. చెప్పేదీ తెలుగువాడే, వినేదీ తెలుగువాళ్లే. అదే మాట మాంచెస్టర్‌లోనో మిచిగాన్‌లోనో పుట్టి పెరిగిన మనిషి చెవిన పడితే అర్థం మారిపోతుంది. ఈ కుర్రాడు ఇవాళ్టి దాకా ఎనిమిదింటికి లేచేవాడు కాబోలు, రేపటి నుంచి బుద్ధిగా ఉంటానని ఒట్టు పెట్టుకుంటున్నాడు అనిపిస్తుంది.

నవ్వుకుని వదిలేసే విషయమైతే ఈ కథనమే అక్కర్లేదు. ఉద్యోగానికి వచ్చిన అభ్యర్థిని పనిలో ఒత్తిడి వచ్చినప్పుడు ఏం చేస్తారని అడిగారనుకుందాం. ‘ఐ విల్ మేక్ ఎ లిస్ట్, ఐ విల్ టాక్ టు మై టీమ్’ అని ఆమె జవాబు. మూడేళ్లుగా నిజంగా చేస్తూ వస్తున్న పనే చెప్పింది. బల్లకు అవతలున్న వ్యక్తికి మాత్రం అది ఇకముందు చేస్తానన్న హామీగా వినిపిస్తుంది. ఉన్న అనుభవం కాస్తా లేని అనుభవమై కూర్చుంటుంది. విదేశంలో ఎవరింటికో భోజనానికి వెళ్లి ‘ఐ వోంట్ ఈట్ మీట్’ అన్నా అంతే. నాకు మాంసం అలవాటు లేదు అనబోయి, మీరు పెట్టినా తినేది లేదు అన్నట్టవుతుంది. గృహిణి ముఖం చిన్నబోతుంది, ఎందుకో మనకు తెలియదు.

ఇది తెలివితక్కువతనం కాదు. తెలుగు వ్యాకరణం చేసే పని. ‘నేను రోజూ ఆఫీసుకు వెళ్తాను’, ‘నేను రేపు ఆఫీసుకు వెళ్తాను’ - రెండింట్లోనూ క్రియ ఒక్కటే. తేడా చెప్పేది ‘రోజూ’, ‘రేపు’ అనే మాటలే. పక్షులు ఎగురుతాయి, నిప్పు కాలుస్తుంది, సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు. ఇలా మూడు కాలాలకూ చెందే స్వభావాన్ని చెప్పే రూపానికి మన వ్యాకర్తలు తద్ధర్మం అని విడిగా పేరు పెట్టారు. వాడుక భాషలో ఆ రూపమే భవిష్యత్తు బరువు కూడా మోస్తోంది. వ్యతిరేకార్థంలోనూ ఇదే తంతు. ‘తినను’ అంటే అలవాటు లేదనీ అవుతుంది, తినబోనని మొండికేయడమూ అవుతుంది. ఇంగ్లీషులో మొదటిది ‘డోంట్’, రెండోది ‘వోంట్’. చిన్నప్పుడు ‘వెళ్తాను అంటే విల్ గో’ అని బట్టీ పట్టిన పిల్లవాడు తర్వాత ఎక్కడ ‘తాను’ వినిపించినా ‘విల్’ అతికించేస్తాడు. ఇంగ్లీషువాళ్లూ అలవాటు చెప్పడానికి ఒక్కోసారి ‘విల్’ వాడతారు. గంటల తరబడి కిటికీ దగ్గర కూర్చుంటాడు అనే మనిషి తీరును వర్ణించేటప్పుడు అది వస్తుంది. ఆ వాడుక వేరు, ఉదయం కాఫీ తాగడం వేరు.

అసలు చిక్కేమిటంటే, మన పుస్తకాల్లో గళ్లు గీసి చూపించే ‘ఫ్యూచర్ టెన్స్’ ఇంగ్లీషులో ఉందా లేదా అన్నదే వివాదం. క్రియను మార్చి చెప్పే కాలాలు ఆ భాషలో రెండే: గతం, గతం కానిది. ‘గో’ ఉంది, ‘వెంట్’ ఉంది. రేపటి కోసం ‘గో’ను మార్చే రూపం లేదు. పక్కన మరో మాట తెచ్చుకోవాల్సిందే. హడిల్‌స్టన్, పుల్లమ్‌ల సంపాదకత్వంలో 2002లో వచ్చిన కేంబ్రిడ్జ్ ఇంగ్లీషు వ్యాకరణం భవిష్యత్ కాలం అనేదే లేదని కుండబద్దలు కొట్టింది. ‘విల్’ కూడా ‘కెన్’, ‘మే’, ‘మస్ట్’ల కుటుంబంలోదే అంది. అంటే అది కాలం కన్నా మాట్లాడేవాడి మనసు గురించి ఎక్కువ చెబుతుంది.

పుట్టుక చూస్తే అది సహజమే. పాత ఇంగ్లీషులో ‘విల్’ అంటే కోరుకోవడం. చనిపోయే ముందు మనిషి రాసిపెట్టే కోరికకు ఇప్పటికీ అదే పేరు. మన రిజిస్ట్రార్ ఆఫీసుల్లో ‘వీలునామా’లో ఉన్న ‘వీలు’ ఈ ‘విల్లే’, దానికి పారసీ ‘నామా’ తోడైంది. ‘షల్’ అసలు అర్థం బాకీ ఉండడం. కోరిక ఒకటి, అప్పు ఒకటి - రెండూ కలిసి రేపటికి కాపలా కాస్తున్నాయి. మూడోది ‘గోయింగ్ టు’. ఒక పని వైపు నడుస్తున్నాను అన్న పోలిక నుంచి వచ్చింది. ఇక్కడ తెలుగువాడు కాస్త ఆగి తన మాట తాను వినాలి. ‘చేయబోతున్నాను’లో ఉన్న ‘బోతున్నాను’ ఏమిటి? ‘పోతున్నాను’. చేయడానికి పోతున్నాను. సంబంధం లేని రెండు భాషలు ఒకే దారిన నడిచి ఒకే చోటికి చేరాయి.

మన తాతల తరాన్ని ‘షల్’, ‘విల్’ పెట్టిన ఇబ్బంది ఇంతా అంతా కాదు. నేను, మేము అన్నప్పుడు మామూలు భవిష్యత్తుకు ‘షల్’, మిగతావారికి ‘విల్’. పట్టుదలో, ఆజ్ఞో అయితే తారుమారు. ఈ సూత్రాన్ని 1653లో జాన్ వాలిస్ అనే ఇంగ్లండు గణిత పండితుడు లాటిన్‌లో రాసిన వ్యాకరణంలో పెట్టాడు. అది రెన్ అండ్ మార్టిన్ దాకా నడిచింది. 1930లలో బ్రిటిష్ ఇండియా విద్యార్థుల కోసం వచ్చిన ఈ పుస్తకం ఇంకా అచ్చవుతూనే ఉంది. దాన్ని సవరించి ఇప్పటి రూపం ఇచ్చిన ఎన్.డి.వి. ప్రసాదరావు పేరు అట్ట మీదే కనిపిస్తుంది. పి.సి. రెన్ సాహస నవలలు కూడా రాశాడన్న సంగతి దానితో కుస్తీ పట్టినవాళ్లలో చాలామందికి తెలియదు. సూత్రం గుర్తుండడానికి మాస్టార్లు ఒక కథ చెప్పేవారు. నీళ్లలో పడ్డ పరాయి దేశస్థుడు ‘ఐ విల్ డ్రౌన్, నోబడీ షల్ సేవ్ మీ’ అని కేకలు పెట్టాడట. మునిగి తీరతాను, నన్నెవరూ కాపాడకూడదు అని అర్థం చేసుకున్న ఇంగ్లీషు పెద్దమనుషులు గౌరవంగా గట్టున నిలబడి చూశారట. ఇప్పుడు మాట్లాడే భాషలో ‘షల్’ దాదాపు పోయింది. ‘షల్ వి గో?’ లాంటి ప్రశ్నల్లో మిగిలింది.

అయితే రోజువారీ మాటల్లో ఏది ఎక్కడ వాడాలి? పుస్తకాలు నియమాలు చెబుతాయి. అంతకన్నా నమ్మకమైన గురువు చాలాసార్లు మన నోట్లోనే ఉంది. ఫోను మోగింది. ‘ఉండు, నేను తీస్తా’ అంటాం. ‘తీయబోతున్నాను’ అనం. అప్పటికప్పుడు అనుకున్నది కదా. ఇంగ్లీషులోనూ అక్కడ ‘ఐ విల్ గెట్ ఇట్’, ‘గోయింగ్ టు’ కాదు. కాల్‌సెంటర్లలో ‘ఐ విల్ చెక్ దట్ ఫర్ యు’ అనేది ఇందుకే. ముందే నిర్ణయించుకున్నదైతే, ఈ ఏడాది ఇల్లు కట్టబోతున్నాం, ‘వి ఆర్ గోయింగ్ టు బిల్డ్ ఎ హౌస్’. టికెట్ కొన్నాక, ఎదుటివారితో మాట్లాడుకున్నాక ‘రేపు విజయవాడ వెళ్తున్నాను’ అంటాం. ఇంగ్లీషులోనూ అక్షరాలా అదే: ‘ఐ యామ్ గోయింగ్ టు విజయవాడ టుమారో’. విచిత్రమేమిటంటే, ఈ సుళువైన వాక్యం దగ్గరే మన విద్యార్థి తడబడతాడు. ‘ఇంగ్’ ఉంటే ఇప్పుడే జరుగుతున్నట్టు అని టీచరు చెప్పిన మాట అడ్డొస్తుంది. ఒప్పును తప్పనుకుని కొట్టేసి ‘ఐ విల్ గో’ అని దిద్దుతాడు. అదీ తప్పు కాదు గానీ, టికెట్ జేబులో ఉందన్న ధీమా అందులో లేదు.

పత్రికల భాషకూ జోడీ ఉంది. ‘ప్రధాని రేపు హైదరాబాద్ రానున్నారు’ అని మనం రాస్తాం. ఇంట్లో ఎవరూ ‘మామయ్య రానున్నారు’ అనరు. ఇంగ్లీషు పత్రిక శీర్షికలో ‘పి.ఎం. టు విజిట్ హైదరాబాద్’ సరిగ్గా ఇలాంటిదే. అధికారికంగా ఖరారైన కార్యక్రమాల భాష అది. రైళ్లు, విమానాలు, పరీక్షల వేళలు మాత్రం మరో దారి పట్టాయి. ‘ది ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో’ అంటారు, రేపటిదైనా ‘విల్’ అక్కర్లేదు. టైంటేబుల్లో అచ్చయిన సంగతికి మనిషి సంకల్పంతో పనిలేదు మరి, రైలు లేటు కావడం వేరే విషయం.

తెలుగు మనల్ని మోసం చేసే చోట్లూ ఉన్నాయి. గోడ అంచున నిలబడ్డ పిల్లాణ్ని చూసి ‘ఒరేయ్, పడతావ్!’ అని అరుస్తాం. దాన్ని ‘యు విల్ ఫాల్’ అంటే జోస్యం చెప్పినట్టుంటుంది. కళ్ల ముందు ఆధారం కనిపిస్తున్నప్పుడు ‘యు ఆర్ గోయింగ్ టు ఫాల్’ అనాలి. మబ్బు చూసి ‘వానొచ్చేలా ఉంది’ అనేది కూడా ఇక్కడికే వస్తుంది. ‘ఐ విల్ థింక్’ మరొకటి. రేపు సెలవు ఉంటుందనుకుంటా అనడానికి ‘ఐ విల్ థింక్ టుమారో హాలిడే’ అంటే, ఆలోచించి చెబుతాను అన్నట్టు వినిపిస్తుంది. మరోవైపు తలుపు చప్పుడు విని ‘పోస్ట్‌మ్యాన్ అయ్యుంటాడు’ అనడానికి ‘దట్ విల్ బి ది పోస్ట్‌మ్యాన్’ అన్నది చక్కటి ఇంగ్లీషు. అక్కడ ‘విల్’ ఉన్నా భవిష్యత్తు లేదు, ఊహ ఉంది.

‘ఇఫ్’, ‘వెన్’ తర్వాత ‘విల్’ పెట్టకూడదన్న నియమం మీద ప్రతి పోటీ పరీక్షలో ఒక బిట్ ఖాయం. ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ తప్పు, ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’ ఒప్పు. హిందీవాళ్లకు ఇది కష్టం. వాళ్ల భాషలో ‘అగర్’ తర్వాత భవిష్యత్ రూపం మామూలే. మనకు మాత్రం ఎందుకు కష్టం కావాలి? ‘నువ్వు వస్తే నేను చెబుతాను’లో ‘తాను’ ఎన్నిసార్లు వచ్చింది? ఒక్కసారే. ‘నువ్వు వచ్చినప్పుడు’ అన్నాం, అందులోనైతే ఏకంగా భూతకాలపు రూపమే ఉంది. వాక్యం మొత్తానికి ఒక్క ‘తాను’ చాలని తెలుగుకు తెలుసు, ఒక్క ‘విల్’ చాలని ఇంగ్లీషుకు తెలుసు. ఈ పోలిక చూపించే ఇంగ్లీషు టీచర్లు అరుదు. తరగతిలో తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడులుండగా ఎవరు చూపిస్తారు? ‘ఫ్యూచర్ పర్‌ఫెక్ట్ కంటిన్యువస్’ అనే, జీవితంలో ఎప్పుడో ఒకసారి అవసరపడే రూపాన్ని మాత్రం అందరి చేతా పట్టికలో నింపిస్తారు.

భవిష్యత్తును చెప్పే మాటల బరువు తెలియాలంటే వ్యాకరణ పుస్తకం మూసి చట్టాల పుస్తకం తెరవాలి. మాట్లాడే భాషలో చచ్చిపోయిన ‘షల్’ అక్కడ ఠీవిగా బతికుంది. అందులో ‘షల్’ అంటే జరిగి తీరాలి, ‘మే’ అంటే జరగొచ్చు. 1963లో లాల్ బహదూర్ శాస్త్రి హోం మంత్రిగా అధికార భాషల బిల్లు తెచ్చినప్పుడు, 1965 తర్వాత కూడా హిందీతోపాటు ఇంగ్లీషు కొనసాగడానికి వీలు కల్పించే మూడో సెక్షన్‌లో ‘మే’ అని రాశారు. ‘మే’ ఉందంటే ‘మే నాట్’ కూడా ఉన్నట్టే కదా అని ద్రవిడ మున్నేట్ర కజగం సహా హిందీయేతర ప్రాంతాల నేతలు నిలదీశారు. ఆ సందర్భంలో ‘మే’ అన్నా ‘షల్’ అన్నా ఒకటేనని నెహ్రూ సమాధానపరిచారు. ఒకటే అయితే ‘షల్’ అనే రాయొచ్చుగా అన్నది అవతలివారి వాదన. నెహ్రూ 1964లో చనిపోయారు. 1965 జనవరిలో మద్రాసు రాష్ట్రం భగ్గుమంది. ఆత్మాహుతులు, కాల్పులు జరిగాయి. ఇద్దరు కేంద్ర మంత్రులు, సి. సుబ్రహ్మణ్యం, ఒ.వి. అళగేశన్ రాజీనామాలిచ్చారు. 1967లో సవరించిన చట్టంలో, హిందీని స్వీకరించని రాష్ట్రాలన్నిటి శాసనసభలూ, ఆపైన పార్లమెంటు ఉభయ సభలూ తీర్మానించేదాకా ఈ ఏర్పాటు అమల్లో ఉంటుందని రాశారు. ఆ వాక్యంలో ‘షల్’ పెట్టారు.

తెలుగువారికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం. దాని పదమూడో షెడ్యూలు నిండా ‘షల్’లే. చదివి సంబరపడ్డవారు ఆ ‘షల్’ తర్వాత వచ్చే క్రియను సరిగా చూడలేదు. కడప జిల్లాలో ఉక్కు కర్మాగారం విషయంలో ‘సెయిల్’ ఆరు నెలల్లోగా చేయాల్సింది నిర్మాణం కాదు, సాధ్యాసాధ్యాల పరిశీలన. ఖమ్మం ఉక్కు, తెలంగాణలో రైలు కోచ్ ఫ్యాక్టరీ, ఆంధ్రప్రదేశ్‌కు కొత్త రైల్వే జోన్ - అన్నిటికీ ఇదే మాట. పరిశీలించి తీరాలి అన్నంత వరకే చట్టం బిగించింది. పరిశీలించి కుదరదన్నా చట్టాన్ని పాటించినట్టే. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్ ప్రకటన 2019 ఫిబ్రవరిలో గానీ రాలేదు. దుగరాజపట్నం ఓడరేవు దగ్గర మాత్రం ‘షల్’ తర్వాత అభివృద్ధి చేయడం అనే క్రియే ఉంది, 2018 చివరికల్లా తొలి దశ అని గడువూ ఉంది. ఆ గడువు దాటిపోయింది, ఓడరేవు రాలేదు. వ్యాకరణం చేయగలిగింది అంతే.

ప్రత్యేక హోదా సంగతి మరో రకం. అది చట్టంలో ‘షల్’గా ఎక్కనే లేదు. 2014 ఫిబ్రవరి 20న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ రాజ్యసభలో చేసిన ప్రకటనలో అయిదేళ్లపాటు ఇస్తామంటూ వచ్చిన ఒక్క ‘విల్ బి’ అది. రాత ‘షల్’కూ, నోటి ‘విల్’కూ ఉన్న దూరం ఎంతో ఆ తర్వాతి ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ ఓటరు పదేపదే విన్నాడు. అయిదో సెక్షన్ హైదరాబాద్‌ను పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధాని చేస్తూ, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు కొత్త రాజధాని ఉండాలని కూడా ‘షల్’ తోనే చెప్పింది, ఎక్కడో చెప్పకుండా. ఆ పదేళ్లూ 2024 జూన్ 2న ముగిశాయి.

మళ్లీ తరగతి గదికి వస్తే, ఇంగ్లీషు ఇప్పుడు ఊరి బడి దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ 2019 నవంబరులో ఇచ్చిన జీవోలను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం మొదలుపెట్టింది. మాధ్యమం ఏదన్నదాని మీద జరిగిన చర్చలో పదో వంతు కూడా, ‘వెళ్తాను’కు ఇంగ్లీషు ఏమిటని పిల్లాడు అడిగితే టీచరు ఏం చెప్పాలన్నదాని మీద జరగలేదు. నాలుగు అంశాల మీద మార్కులేసే ఐఇఎల్‌టిఎస్ స్పీకింగ్ పరీక్షలో వ్యాకరణ వైవిధ్యం, దోషరాహిత్యం ఒక అంశం. చివరి భాగంలో రాబోయే రోజుల్లో ఫలానాది ఎలా మారుతుందనుకుంటున్నారు అని తరచూ అడుగుతారు. జవాబంతా ‘విల్’ మీద ‘విల్’గా సాగితే తప్పులు లేకపోయినా మార్కులు పెరగవు. ‘ఈజ్ లైక్లీ టు’, ‘మైట్’, ‘ఈజ్ గోయింగ్ టు’ వినిపించాలి. రేపు అనేది అంత ఖాయం కాదని తెలిసినవాడిలా మాట్లాడాలి.

వీసా గదిలో ఇంకో లెక్క. అమెరికా వలస చట్టం 214(బి) సెక్షన్ ప్రకారం విద్యార్థి వీసా అడిగే ప్రతివాడూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడని ముందుగా అనుకుంటారు. కాదని నమ్మించాల్సింది దరఖాస్తుదారే. చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ మెట్లెక్కే కుర్రాళ్లకు కన్సల్టెన్సీలు నేర్పే జవాబు ఒకటే: ‘ఆఫ్టర్ మై స్టడీస్ ఐ విల్ కమ్ బ్యాక్ టు ఇండియా’. వ్యాకరణం నిర్దుష్టం. కానీ ‘విల్’తో వచ్చే వాక్యం అప్పుడే ఇచ్చిన మాటలా ఉంటుంది, ముందునుంచీ ఉన్న ఆలోచనలా ఉండదు. వీసా వ్యాకరణం మీద నడవదు, అయినా ‘ఐ యామ్ ప్లానింగ్ టు’ అని మొదలుపెట్టి ఏ ఊళ్లో, ఏ పని అన్నది చెప్పగలిగినవాడి మాట వేరుగా వినిపిస్తుంది.

ఆ కుర్రాడే వీసా వచ్చాక శంషాబాద్ విమానాశ్రయంలో ట్రాలీ పట్టుకుని నిలబడి ‘వెళ్లొస్తాను’ అంటాడు. ‘పోతాను’ అంటే నానమ్మ ఊరుకోదు. ‘ఐ విల్ గో అండ్ కమ్’ అని దాన్ని ఇంగ్లీషు చేసినందుకు క్లాసులో అతణ్ని చూసి అందరూ నవ్వి ఉంటారు. కాన్సులేట్ అధికారి అతని నుంచి వినాలనుకున్నది సరిగ్గా ఆ మాటే.